పంది పడ్డదనుకున్నం

“రెండు భర్మార్ తుపాకులు కొంటే ఇద్దరు నిలబడొచ్చు. దోనాలి ఒక్కటి కొంటే ఒక్కడే నిలబడతడు. గింత లెక్క తెల్వదా?” మా మామ ధన్‌సింగ్ పొద్దటి నుంచి అప్పటికి మూడోసారి అన్నాడు.

“భర్మార్‌ల మందు కూరి పేల్చేటాలకు ఆ ఫారెస్టోళ్లు బీడీ తాగి ఇంటికి పోతరు బాపూ,” అన్నాడు మరిది ప్రకాశ్. “వానకు తడిస్తే కట్టెకు ఎక్కువ, తుపాకికి తక్కువ. దోనాలికి రెండు గొట్టాలు. పాతదైనా రెండుసార్లు మాట్లాడుతది.”

“మాట్లాడుతది, మాట్లాడుతది! తండల ముప్పై ఇండ్లు పోగేసినా దానికే సాలీసాలకుంట ఉన్నయి పైసలు. గుండ్లకేం జేస్తవ్? నీ డిగ్రీ కాయితం చింపి కూర్తవా?”

“నువ్వు తండ నాయకునివి గద. నీ మీసం కూరుదం.”

ఇంకో రోజైతే నవ్వేదాన్ని. మా అత్త గంగి నవ్వలేదు. చాటలో బియ్యం ఏరుతోంది. ఆమెను తండా అంతా యాడీ అంటుంది. మా లంబాడీ భాషలో అమ్మ అని.

అది దీపావళి మరునాడు. ఆ పొద్దు ప్రతి ఇంట్లో పొయ్యిలోంచి నిప్పులు తీసి, వాటి మీద బెల్లంబువ్వ, నెయ్యి వేసి, చనిపోయినవాళ్లను పేరు పేరునా పిలుస్తాం. నెయ్యి భగ్గుమంటే వాళ్లు వచ్చి తిన్నట్టు. పోయిన దీపావళికి యాడీ అందరినీ పిలిచింది. కొడుకు హరిలాల్‌ను పిలవలేదు. పిలిస్తే చచ్చిపోయాడని ఒప్పుకున్నట్టే.

హరిలాల్ నా మొగడు.

నిరుడు మక్కకంకి పాలు పట్టినప్పుడు పోడు చేనులో మంచె మీద కావలికి పోయాడు. చేతిలో భర్మార్. పందుల కోసం కొన్నది. పొద్దు పొడుస్తుండగా అడవిలోంచి ఒక్క సప్పుడు వచ్చింది. “పంది పడ్డది!” అని యాడీ నవ్వింది. మా తండాలో తుపాకి సప్పుడు వింటే ముందు కుండల దిక్కు చూస్తాం. నేను ఎసరు పెట్టాను. యాడీ రోట్లో మిరపకాయలు వేసి నూరింది. పక్కింటి రాజీ వాటా కోసం మోదుగాకుల దొప్ప పట్టుకుని వచ్చి గడపలో కూర్చుంది. ఎసరు మరిగి మరిగి ఇంకిపోయింది. మళ్లీ నీళ్లు పోశాను. పొద్దు నడినెత్తికి వచ్చాక నలుగురు మంచం మోసుకుంటూ వచ్చారు. కాల్చింది ఖాకీ బట్టలవాళ్లు.

తర్వాత విచారణ అని ఒక పెద్ద సారు వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుని మమ్మల్ని వరుసగా అడిగాడు. సప్పుడు విన్నారా? విన్నం సారూ. ఏమనుకున్నారు? మా హరిలాల్ పందిని కొట్టిండనుకున్నం. అందరం అదే చెప్పాం, ఎందుకంటే అదే నిజం. యాడీ వేలిముద్ర వేసింది. ఆ కాగితాన్ని నెల తర్వాత ప్రకాశ్ చదివి వినిపించాడు. ముందు హరిలాలే కాల్చాడని తండా అంతా సాక్ష్యం చెప్పిందట.

ఆ రోజు నుంచి మా రోలు బోర్లించే ఉంది. కొన్ని పొద్దుల్లో యాడీ ఉలిక్కిపడి లేచి, “లతా, ఎసరు పెట్టినవా?” అంటుంది. పెట్టాను యాడీ అంటాను. ఇంకేమనాలి?

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగినన్ని దినాలు ఆఫీసులకు తాళాలు. మా అడవి దిక్కు ఎవరూ రాలేదు. మొన్న సమ్మె ఆగింది. సోమవారం ఫారెస్టోళ్ల తవ్వే మిషన్ వస్తుందని, కోతకొచ్చిన మక్క మధ్యలోంచి కందకం తీసి పోడంతా గుంజుకుంటారని కబురు. ఆ కబురు తెచ్చింది మల్లేశం. తుపాకుల బేరం తెచ్చిందీ అతనే. రఘునాథ్ దొర దగ్గర జీతగాడు. దొర సమ్మె టెంటులో ముందు వరుస మనిషి.

బియ్యం ఏరడం అయిపోకముందే మల్లేశం మోటరుసైకిల్ ఆగింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా వాకిట్లోకి వచ్చారు.

“ఏం తేల్చిండ్రే? రెండు భర్మార్లా, దోనాలా? దొర ఇయ్యాల్లనే చెప్పమన్నడు. మీ కోసమని అగ్గువకు మాట్లాడిండు.”

“దొరకు మా మీద గింత ప్రేమ, పావురం ఎప్పటి నుంచి?” అంది రాజీ.

“గట్లంటవేందక్కా! అందరం తెలంగాణ బిడ్డలం. అందరం ఒక్కటే.”

“ఒక్కటే అయితే మా చేను పక్కన దొర ట్రాక్టర్ దున్నే ముప్పై ఎకరాలకు కందకం ఎందుకు లేదు? అది అడవి కాదా? అండ్ల చెట్లు నరికింది పందులా?”

వాకిలంతా నవ్వింది. మల్లేశం తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

యాడీ చాట కింద పెట్టింది. “మల్లేశం, ఎవలు పట్టుకుంటరు?”

“ఏంది యాడీ?”

“తుపాకి. ఏది కొనాల్నో మూడు దినాల సంది కొట్లాడుతున్నరు. ఎవలు పట్టుకుంటరని ఒక్కడన్న అడిగిండా?”

మామ నేల చూశాడు.

“నేనే,” అన్నాడు ప్రకాశ్.

యాడీ అతని చేతుల వైపు చూసింది. హరిలాల్ చేతుల్లాగే ఉంటాయవి.

“హరి భర్మార్ తెచ్చింది గూడ నువ్వే గద మల్లేశం. తెచ్చిన మూడో దినానికే హరి చేతుల తుపాకి ఉన్నదని వాళ్లకెట్ల తెలిసింది?”

“నాకేం ఎరుక? నేను దొర చెప్పిన పని…” అని ఆగిపోయాడు.

“ఆ పొద్దు ఎన్ని సప్పుళ్లు విన్నరు?” యాడీ ఈసారి మమ్మల్ని అడిగింది.

“ఒక్కటే,” అంది రాజీ.

“ఒక్కటే.” “ఒక్కటే యాడీ.” గడపల్లోంచి, పందిరి కింద నుంచి ముప్పై ఇళ్లూ అన్నాయి.

“ఆ ఒక్కటి నా కొడుకు పెయ్యిల ఉండె. ఇగ వాడు కాల్చింది ఏడుంది?”

ఏడాది పైన అయింది. ఆ సప్పుడు లేని రోజు లేదు నాకు. అది ఒక్కటేనని నాకూ తెలుసు. అయినా ఆ సప్పుడు పక్కన ఆ కాగితంలోని మాట పెట్టి చూసుకోలేదు.

ప్రకాశ్ లేచాడు. “అయితే ఉత్త చేతులతోని సద్దమా?”

“తుపాకి వద్దని నేనంటలేను బిడ్డా. దొర తెచ్చిచ్చే తుపాకి వద్దంటున్న. అది మన చేతుల ఉంటది, దాని పెత్తనం ఆయన చేతుల ఉంటది. నిన్ను చంపి, ముందు నువ్వే కాల్చినవని మల్ల మాతోనే చెప్పిస్తరు. తుపాకి సప్పుడు ఎవలదో ఇన్నోళ్లకు తెల్వదు. నగారా సప్పుడు మనదేనని గుట్టలకు గూడ తెలుసు.”

మా ఇంటి మూలన నాయకుని నగారా ఉంది. తోలు చినిగి పదేళ్లు. అందులో కోడి గుడ్లు పెడుతుంది.

“నగారా కొట్టి మిషన్‌తోని ఆట ఆడిపిస్తరా?” మల్లేశం బండెక్కాడు.

“మీ దొరను గూడ తోల్కరా. ఆడుతడు!” అంది రాజీ.

బండి పోయింది. ఇంటివాళ్లందరం పొయ్యి చుట్టూ కూర్చున్నాం. యాడీ నిప్పులు ముందుకు లాగి, బెల్లంబువ్వ పెట్టి, మామ వాళ్ల తాతను పిలిచింది, తండ్రిని పిలిచింది. గరిటెతో మళ్లీ నెయ్యి ముంచింది.

“హరిలాల్,” అంది. “రా బిడ్డా. తిను.”

నెయ్యి పోసింది. మంట లేచింది. నేను చూడలేకపోయాను.

మంట తగ్గాక, కూర ఏం వండాలో చెప్పినట్టు చెప్పింది. “దొరతోని బేరం లేదు. ఆ పైసలల్ల తోలుకు పోను మిగిలినయి ఎవలియి వాళ్లకియ్యాలె. ప్రకాశ్, కోడిని లేపి నగారా కొత్తగూడకు తీస్కపో, తోలు ఎయ్యించు. నాయకుడా, నువ్వు చుట్టు ఏడు తండాలు తిరుగు. సోమారం నగారా ఇంటే కుండల దిక్కు చూడొద్దు, చేను దిక్కు ఉరకాలెనని చెప్పు. ఆడోళ్లు ముందుంటరు. మిషన్ ముంగట నేను కూసుంట.”

మామ తలపాగా అందుకున్నాడు. మూలన కోడి అరిచింది.

యాడీ నా వైపు తిరిగింది.

“లతా, రోలు మర్లేసి కడుగు. సోమారం ఏడు తండాలోళ్లు అన్నం తింటరు. కారం నూరాలె.”