తెరిచాను, మూశాను

మా బావ రోజుకో రూలు పెడతాడు కానీ గోడకెక్కింది మాత్రం ఒక్కటే. అసిటోన్ డబ్బా మూత తీసేవాళ్ళు అందరికీ వినబడేలా "తెరిచాను" అనాలి. పని అయ్యాక డబ్బాకు మూత బిగించి, తుడిచిన గుడ్డను రేకు డబ్బాలో వేసి, దానికీ మూత పెట్టి "మూశాను" అనాలి. ఈ రెండు మాటల మధ్య మా వర్క్‌షాపులో ఎవరూ మంట వెలిగించకూడదు, స్విచ్చు ముట్టుకోకూడదు, గ్రైండర్ తిప్పకూడదు. మూశాక కూడా కిటికీలు బార్లా తెరిచి పదిహేను నిమిషాలు ఆగాలి. అసిటోన్ ఆవిరి కంటికి కనబడదు. గాలికన్నా బరువు కాబట్టి నేల వెంబడే పాకుతుంది. ఆ మూల ఎక్కడో ఉన్న నిప్పును కూడా వెతుక్కుంటూ వెళ్ళి అంటుకుంటుంది.

రూలు కింద ఎర్ర పెన్నుతో ఒక సవరణ ఉంది. "తెరిచినవాళ్ళే నోటితో చెప్పాలి. వేరేవాళ్ళు చెబితే చెల్లదు." దానికి కారకుణ్ణి నేనే. ఒకసారి అక్క డబ్బా తెరిచి లోపలికి వెళితే, "మూసే ఉంటుందిలే" అని ఆమె తరఫున నేనే అనేసి గ్యాస్ టార్చ్ వెలిగించాను. నా ఎడమ కనుబొమ్మ మళ్ళీ మొలవడానికి నాలుగు నెలలు పట్టింది. మొలిచింది కూడా సగమే. అందుకే కొత్తవాళ్ళెవరైనా వస్తే బావ ముందు ఆ కాగితం చూపిస్తాడు, తర్వాత నా మొహం చూపిస్తాడు.

ఉన్నది ముగ్గురం. బావ యజమాని. పని తెలిసింది అక్కకు. నేను ఆమె తమ్ముణ్ణి, సానబెట్టడం, పాలిష్ పెట్టడం నావి. జనం దాచుకోవాలనుకున్నవి తెస్తే అచ్చులో పెట్టి, పైన రెసిన్ పోసి, గాజులా గట్టిపడ్డాక తీసి ఇస్తాం. ఎండిన పూలు తెస్తారు, పాత తాళంచెవులు తెస్తారు. ఒకాయన తన కిడ్నీలో రాయి తెచ్చాడు, పైగా రెండువైపులా కనబడాలన్నాడు.

ఆ రోజు పొద్దున లెక్కల మాస్టారు వచ్చారు. రిటైరై పదేళ్ళయినా మాట్లాడేటప్పుడు ఆయన కుడిచెయ్యి గాల్లో ఏదో రాస్తూనే ఉంటుంది. అగ్గిపెట్టె తెచ్చారు. బావ దాన్ని లాక్కుని లోపల పుల్లలు లేవని రెండుసార్లు చూసుకున్నాకే ఆయన్ని కూర్చోమన్నాడు. పుల్లలు లేవు. దూది పరిచి ఉంది, దాని మీద వేలికొస అంత సుద్దముక్క.

"మా ఆవిడ చివరిసారి రాసిన చాక్‌పీసు" అన్నారు మాస్టారు. "ఇది తప్ప ఇంకోటి లేదు. ముట్టుకుంటే అరిగిపోతోంది. ముట్టుకోకుండా ఉండలేకపోతున్నాను. ముట్టుకున్నా అరగకుండా చేసి పెట్టండి."

అక్క చేతులకు తొడుగులు వేసుకుని, నిన్నటి రెసిన్ అంటిన రేకు బద్దను తుడుద్దామని అసిటోన్ మూత తీసింది. "తెరిచాను" అంది. తుడుస్తూనే బావ బల్ల వైపు చూసింది. "ఏమండీ, సుద్ద నిండా గాలే ఉంటుంది. ఇవాళ పల్చగా ఒక పూత వేసి వదిలేసి, రేపు పోద్దాం. లేకపోతే లోపలి గాలంతా బుడగలై వస్తుంది."

"రెసిన్ కలిపేశాను" అన్నాడు బావ. "వస్తే రానీ, పైన టార్చ్ మంట ఒకసారి అలా తిప్పితే అన్నీ పోతాయి."

"అది సుద్దండీ. వేడి తగిలితే ఇంకా వస్తాయి."

బావ సుద్దముక్కను అచ్చులో పెట్టి పోసేశాడు. అక్క మళ్ళీ ఏదో అనబోయింది. మాస్టారి ముందు పరువు పోతోందనుకున్నాడో ఏమో, బావ తల ఎత్తకుండానే "నువ్వు కాస్త నోరు మూసుకుని నీ పని చూసుకో" అన్నాడు.

అక్క నోరు మూసుకుంది. పనీ చూసుకుంది. బద్ద తుడిచి, అన్నీ సర్ది, తొడుగులు తీసి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి స్టూలు మీద కూర్చుంది. మేం ముగ్గురం అచ్చు మీదకు వంగి ఉండటంతో ఆమె గుడ్డను ఏం చేసిందో ఎవరమూ చూడలేదు.

ఐదు నిమిషాలకు సుద్దముక్క నుంచి మొదటి బుడగ లేచింది. తర్వాత వరసకట్టి వచ్చాయి. రెసిన్ నలభై నిమిషాల్లో చిక్కబడిపోతుంది, ఆ తర్వాత బుడగలు బుడగల్లాగే ఉండిపోతాయి. బావ టార్చ్ అందుకోబోయి, చెయ్యి సగంలోనే ఆపేశాడు.

"మూశావా?"

అక్క ఉలకలేదు, పలకలేదు.

"నిన్నే. మూశావా?"

అక్క ఆయన్ని చూసింది. పెదాలు ఇంకాస్త గట్టిగా బిగించింది.

"డబ్బాకు మూత ఉంది కదా, ఇక్కణ్ణుంచి కనబడుతూనే ఉంది" అన్నారు మాస్టారు.

"గుడ్డ సంగతి తెలియదండీ" అన్నాడు బావ. "బల్ల కింద పడి ఉందనుకోండి, మనం నలుగురం గోడకు అతుక్కుంటాం."

"పోనీ, తల ఊపమనండి."

"నోటితో అని రాసి ఉంది."

"కాగితం మీద రాసిస్తే?"

"నోటితో అండీ."

"నేను చెప్పనా?" అన్నాను. ఇద్దరూ నా ఎడమ కనుబొమ్మ వైపు చూశారు. నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మాస్టారి చెయ్యి గాల్లో రెండు గీతలు గీసింది. "నోరు మూసుకోమన్నది మీరే. నోటితో చెప్పమన్నదీ మీరే. ఈ రెండు షరతులూ ఒకేసారి తీరవు బాబూ. ఈ లెక్కకు జవాబు లేదు."

"రూలు నాదే కదా, మార్చేస్తాను" అని బావ ఎర్ర పెన్ను పట్టుకుని గోడ దగ్గరకు వెళ్ళాడు. పెన్ను మూత తీసి, ఆలోచించి, మళ్ళీ పెట్టేశాడు. "తెరిచి ఉండగా రూలు మార్చడం ప్రమాదం" అన్నాడు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు. అది చూసే నాకు భయం వేసింది.

ఇక గుడ్డ కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఆవిరి నేల మీదే ఉంటుంది కాబట్టి మోకాళ్ళ మీద వంగి, ముక్కు నేలకానించి వాసన చూస్తూ బల్లల కింద తిరిగాడు. ఆవిరి పీలిస్తే తల తిరుగుతుందని చెప్పింది నువ్వే కదా బావా అన్నాను. నిజమేనని లేచి మాస్కు పెట్టుకున్నాడు. పెట్టుకుంటే వాసన తెలియలేదు. తీశాడు. పీల్చకూడదని గుర్తొచ్చి మళ్ళీ పెట్టుకున్నాడు. ఇలా నాలుగుసార్లయింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అచ్చులో సుద్దముక్క బుడగల మధ్య సగం కనబడకుండా పోయింది. ఇరవై ఐదు నిమిషాలు గడిచిపోయాయి.

మాస్టారు లేచి అక్క ముందు నిలబడ్డారు. ఆయన చెయ్యి ఈసారి గాల్లో ఏమీ రాయలేదు.

"అమ్మా, నేనూ మా ఆవిణ్ణి ఇదే మాట అన్నాను. తరగతిలో పిల్లల్ని అనీ అనీ అలవాటైపోయింది. ఆవిడ మాట్లాడటం మానేసింది. ఏదైనా కావాలంటే వంటింటి తలుపు మీద ఈ చాక్‌పీసుతో రాసేది. పాలు అని, బల్బు అని. నాకూ పంతం. తెచ్చి పెట్టేవాణ్ణి, పలకరించేవాణ్ణి కాదు. ఆరు రోజులు. ఏడో రోజు నేను నడకకు బయల్దేరుతుంటే ఏదో రాయడం మొదలుపెట్టింది. చూడనట్టే వెళ్ళిపోయాను. వచ్చేసరికి తలుపు మీద 'మీరు' అని ఉంది. అంతే. ఆవిడ కింద పడి ఉంది. ఆస్పత్రికి చేర్చేలోపే పోయింది. 'మీరు' తర్వాత ఏముందోనని రెండేళ్ళుగా ఆలోచిస్తున్నాను."

బల్ల కింద నుంచి బావ బయటికి వచ్చాడు. మాస్కు తీసేశాడు. జుట్టు నిండా సానబెట్టిన పొడి.

"తప్పు నాది" అన్నాడు అక్కతో. "పోసేముందు నీ మాట వినాల్సింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది."

అక్క గొంతు సవరించుకుంది. "మూశాను" అంది. "గుడ్డ రేకు డబ్బాలో ఉంది. అప్పుడే వేశాను, మూత కూడా పెట్టాను."

బావ ఒక్క అంగలో రేకు డబ్బా దగ్గరకు వెళ్ళి, గుడ్డ ఉందో లేదో చూద్దామని మూత తీశాడు. గుడ్డ ఉంది. ఘాటు గుప్పుమని మా ముక్కులకు తగిలింది. బావ మూత చేత్తో పట్టుకుని అలాగే కొయ్యబారిపోయాడు.

"తెరిచాను" అన్నాడు, నీరసంగా.

ఇంకో పదిహేను నిమిషాలు ఆగాలి, అప్పటికి రెసిన్ చిక్కబడిపోతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, క్షమాపణ చెప్పి పది సెకన్లు కాలేదు, అప్పుడే ఆమె మాట మీద నమ్మకం లేకపోయింది.

అక్క మాత్రం కోప్పడలేదు. "మూత పెట్టి, చెప్పి, కూర్చోండి" అంది. చేతులకు కొత్త తొడుగులు వేసుకుని, సొరుగులోంచి పొడవాటి సూది తీసి, అచ్చు మీదకు వంగి ఒక్కొక్క బుడగనే పొడవడం మొదలుపెట్టింది. సుద్దకు అంటుకున్నవాటిని సూదిమొనతో పైకి లాగి చిదిపింది. మంట లేదు, స్విచ్చు లేదు. మెల్లగా సుద్దముక్క మళ్ళీ కనబడింది.

మాస్టారు ఆమె పక్కన కూర్చున్నారు. "ఇందాకంతా నోరు మూసుకుని ఉన్నారు కదమ్మా. ఆయనతో ఏం చెప్పాలనుకున్నారు?"

"ఇదేనండీ. మీరు ఆ టార్చ్ పక్కన పెట్టి సూది తీసుకోండి అని."

"అంతేనా?"

"అంతే. నేను 'మీరు' అని మొదలుపెట్టేవన్నీ ఇలాంటివే మాస్టారూ. మీరు గొడుగు తీసుకెళ్ళండి. మీరు చొక్కా తిరగేసి వేసుకున్నారు. పెద్ద విషయాలేం ఉండవు."

మాస్టారి చెయ్యి తన చొక్కా కాలరు మీదకు వెళ్ళింది.

"చొక్కా" అన్నారు. "ఆ రోజు ఆస్పత్రిలో నర్సు చెప్పింది. తిరగేసి వేసుకున్నారు, సరిచేసుకోండి అని."

ఆయన ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు కూడా. అక్క ఆయనకో జత తొడుగులిచ్చింది. వేసుకున్నాక తన చేతిలోని సూది ఆయనకిచ్చి, ఎక్కడ పొడవాలో చూపించింది.