రేటు రాయని కొటేషన్

సారలమ్మ పెనం మీద జొన్నరొట్టె తిప్పుతుంటే, మొగుడు లక్ష్మీనర్సయ్య ఆమె చేతిసంచిలో ఒక కాగితం దూర్చాడు. యూనివర్సిటీ హాస్టలుకు కావలసిన రెండువందల ఇనుప మంచాలకు, వారాసిగూడలో దుకాణం పెట్టుకున్న మరిది రాజలింగు ఇస్తున్న కొటేషన్ అది. సంతకం ఉంది, ముద్ర ఉంది. రేటు దగ్గర మాత్రం ఖాళీ.

"కవర్లు తెరిచేది నువ్వే గద. అందరికన్న రూపాయి తక్వ రాసి అండ్ల కలుపు. గింతే."

"దొరికితే నా నౌకరి పోతది."

"ఎవనికి తెలుస్తది? అసలు నిన్ను నౌకరి చెయ్యనిచ్చిందే ఇంటికి అక్కరకొస్తవని."

తార్నాక నుంచి యూనివర్సిటీ దాకా నడుస్తూ ఆ మాటకే ఉడికిపోయింది సారలమ్మ. చెయ్యనిచ్చాడట! నాలుగింటికి లేచి, నీళ్ళు పట్టి, వండి, అత్త కాళ్ళు ఒత్తి, ఉరుకులు పరుగుల మీద ఆఫీసుకు రావాలి. ఎనిమిదేళ్ళుగా స్టోర్సు సెక్షన్లో సుద్దముక్క నుంచి బీరువా దాకా అందరి రేట్లూ పక్కపక్కన రాసి, ఏది చవకో, ఏది మోసమో తేల్చేది తను. సంతకం మాత్రం సూపరింటెండెంటు వెంకటసుబ్బారావుది. ఇంట్లోనేమో "చింతపండు బేరం గూడ తెల్వదు దీనికి" అని అత్త బుచ్చవ్వ వాడంతా చాటుతుంది. అంత తెలివిలేనిదాని నెత్తిన ఈ దొంగపని ఎట్లా పెట్టారో! ఒళ్ళు మండింది. భయమూ వేసింది. సాయంత్రం మళ్ళీ ఆ ఇంటికే పోవాలి కదా.

కవర్లు వ్యాపారుల ఎదుటే తెరవాలని రూలు. కాని ఎప్పుడూ ఆమె ఒక్కతే తెరిచి పట్టిక రాస్తే, సూపరింటెండెంటు సంతకం గీకేవాడు. ఇవాళ ఆమె కవర్లన్నీ తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

"బయట ముగ్గురు సేట్లు కూసున్నరు. వాళ్లను పిలువుండ్రి సార్. అందరి ముందల్నే తెరుద్దాం."

"ఇదేమిటమ్మా కొత్తగా? సరే, ముందు అందరికీ టీ చెప్పు."

"టీ తర్వాత సార్."

ఆయన నోరు వెళ్ళబెట్టాడు. అయినా పిలిచాడు. సారలమ్మ ఒక్కో కవరూ చించి, రేటు గట్టిగా చదివి, పట్టికలో ఎక్కించింది. చివరికి సంచిలోంచి రాజలింగు కాగితం తీసి వాటి పక్కన పెట్టింది. 'రేటు లేదు, చెల్లదు' అని రాసింది.

"ఎవరమ్మా ఈ పెద్దమనిషి?"

"మా మరిది సార్."

"మరి రేటు వెయ్యడం మర్చిపోయాడా?"

"మర్వలే సార్. వీళ్ల రేట్లు చూసి నన్ను రాయమన్నరు." సేట్లు ముగ్గురూ తలలెత్తి చూశారు. ఆమె గొంతు తగ్గించలేదు. "రాయమన్నది నా మొగుడు. రాయనన్నది నేను."