ఆమె పేరు మీద జబ్బు

భర్త లోబట్టలు ఇంట్లోవాళ్ళు లేవకముందే ఆమె ఉతికేయాలి. మిషన్లో వేస్తే అత్తగారి కంట పడతాయి. రసి మరకలు వేడినీళ్ళకు వదలవు. చన్నీళ్ళలో నానబెట్టి, సబ్బు రాసి, వేళ్ళతో నలపాలి. తర్వాత తువ్వాలు కింద దాచి ఆరేయాలి.

"ఒంట్లో బాగోనిదానివి, పొద్దున్నే నీకీ చాకిరేంటే అమ్మాయ్?" అంటూ అత్తగారు రానే వచ్చింది. "వాడు ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ నిన్ను తిప్పుతున్నాడు. ఇంకొకడైతే పుట్టింట్లో దింపేసి చేతులు దులుపుకునేవాడు."

ఆమె బట్టలు బకెట్ అడుక్కి తోసి, పంపు ఇంకాస్త తిప్పింది.

జబ్బు అతనిది. పురుషాంగానికి క్యాన్సర్. కొంత కోసేయాలన్నాడు ఒక డాక్టరు. పుండు చిన్నదే కాబట్టి కరెంటు పెట్టి, అంటే రేడియేషన్ ఇచ్చి చూద్దాం అంది ఇంకో డాక్టరమ్మ. ఆ రోజు అతను ఆమె ఒళ్ళో ముఖం దాచుకుని ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆమె ముందు ఏడవడం అదే మొదలు. పిచ్చిది, కరిగిపోయింది. అప్పుడే అడిగాడు.

"నీకు గర్భసంచిలో అని చెబుదామే. ఆడవాళ్ళకు మామూలేగా. నాకని తెలిస్తే నేను తలెత్తుకోగలనా?"

సరే అంది. మరి ఆమె తల సంగతి అతను అడగలేదు. ఆమెకూ తోచలేదు. అప్పటినుంచి ఆడపడుచు ఫోన్ చేస్తే చాలు, "మా అన్నయ్యకు సుఖం రాసిపెట్టి లేదులే వదినా" అంటుంది. ఆమె పనిచేసే కుట్టు దుకాణంలో ఆవిడ "నయమయ్యాక రామ్మా" అని ఆమె కుట్టుమిషను ఇంకొకరికి ఇచ్చేసింది.

ఆసుపత్రిలో అతన్ని పడుకోబెట్టి, కరెంటు సరిగ్గా తగిలేలా అక్కడ మైనపు దిమ్మ అమర్చి, కదలొద్దని చెప్పి తలుపు మూస్తారు. ఆమె బయట బల్ల మీద అతని గడియారం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఒకరోజు డాక్టరమ్మ అటుగా వెళ్తూ ఆగింది.

"మీ పరీక్ష ఏమైందమ్మా?"

"నాకేం పరీక్షండీ?"

"ఈ జబ్బు తెచ్చే వైరస్ భార్యకూ ఉండొచ్చు. మిమ్మల్ని చూపించమని మొదటిరోజే మీ ఆయనకు చెప్పానే! నెలసరికీ నెలసరికీ మధ్యలో రక్తం గానీ కనబడుతోందా?"

కనబడుతోంది. ఎండలు ముదిరినప్పటినుంచీ. అతనికి చెబితే "వయసు వస్తోందిగా, అలాగే ఉంటుంది" అన్నాడు. డాక్టరమ్మ చెప్పిన ఆ మొదటిరోజు తర్వాతే అన్నాడు.

తలుపు తెరుచుకుంది. అతను కాళ్ళు ఎడంగా వేస్తూ మెల్లగా వచ్చాడు. ఆమె గడియారం అందించింది.

"నన్ను చూపించమన్నారట?"

అతను గడియారం పెట్టుకోవడంలో మునిగిపోయాడు. "చెబుదామనే అనుకున్నా. నువ్వూ మంచమెక్కితే నన్నెవరు చూస్తారే? ముందు నా కరెంటు అయిపోనీ."

అతని గొంతులో కోపం ఉంటే బాగుండేది. తగువైనా పెట్టుకునేది. ఉన్నది భయం, అదీ తనకేమవుతుందోనని. ఆ రోజు ఒళ్ళో పెట్టుకుని ఓదార్చింది ఈ మనిషినే. ఆమెకు లోపల ఏదో పుటుక్కున తెగింది. ఏడుపు కూడా రాలేదు. అయినా అలవాటు పోక, వంగి అతని చెప్పులు కాళ్ళ దగ్గరికి జరిపింది.

ఫోన్ మోగింది. అత్తగారు.

"అయిందటే నీ కరెంటు? వాడేమైనా తిన్నాడా? నీ వెంట తిరిగి తిరిగి చిక్కి సగమయ్యాడు."

అతను వద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. ఆమె అటు చూడలేదు.

"కరెంటు మీ అబ్బాయికి అత్తయ్యా, రోజూ ఆయనకే. నాకేముందో చూపించుకోవడానికి ఇప్పుడే వెళ్తున్నా."