సప్తమి నాటి పొయ్యి

సూరత్‌లో అపార్ట్‌మెంట్లలో పెరిగిన ఊర్వికి శీతలమ్మ పండగంటే ఏమిటో కెన్యాలోని కిసుముకి కాపురానికి వచ్చాకే తెలిసింది. తాతల నాడు గుజరాత్ నుంచి ఇక్కడికి ఓడెక్కి వచ్చినవాళ్ళు భాషలో సగం పోగొట్టుకున్నారు గానీ, ఈ పండగను మాత్రం వీసమెత్తు తగ్గనివ్వలేదు. శ్రావణ బహుళ షష్ఠినాడే మర్నాటికి కూడా వండేయాలి. రాత్రికి పొయ్యి కడిగి, బొట్టు పెట్టి, పత్తి రెమ్మ ఉంచాలి. సప్తమినాడు ఇంట్లో నిప్పు రాజుకోకూడదు. ఒళ్ళు మండిపోతూ వచ్చే అమ్మవారు ఆ చల్లని పొయ్యిమీద పొర్లుతుందట. వేడిగా తగిలిందో, ఆ ఇంటి పిల్లలకు గండమే.

తను బా, అంటే అమ్మా, అని పిలిచే అత్తగారు జసుబా ఇదంతా చెబుతుంటే మొదటి ఏడు ఊర్వి నవ్వింది.

"గ్యాస్ పొయ్యిమీద ఎలా పొర్లుతుంది బా? బర్నర్లు గుచ్చుకోవూ?"

జసుబా కూడా నవ్వేసింది.

నిరుడు ఎవరూ నవ్వలేదు. సప్తమి పొద్దున్నుంచే పది నెలల దేవ్‌కి వాంతులు, విరేచనాలు. ఊళ్ళో కలరా తిరుగుతోంది. కాచిన నీళ్ళే చెంచాతో పట్టమని నర్సు ఫోన్‌లో చెప్పింది. ముందురోజు కాచి ఉంచినవి మధ్యాహ్నానికి అయిపోయాయి. అత్తగారు గుడినుంచి ఇంకా రాలేదు. ఊర్వి పొయ్యికి పెట్టిన బొట్టు చెరిపి వెలిగించింది. తిరిగొచ్చిన జసుబా పొయ్యిమీద చెయ్యి పెట్టి చూసి, చప్పున తీసేసింది. మూడో రోజు పిల్లాడు ఆసుపత్రిలో పోయాడు. జసుబా ఆ రోజూ ఏమీ అనలేదు, ఏడాదిగా ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదని ఊర్వి ఎన్నిసార్లు అనుకుందో.

ఈ సప్తమికి ఊర్వికి అయిదో నెల. పనిమనిషి అచియెంగ్ పెరట్లో బొగ్గుల కుంపటి వెలిగించబోతే పరుగున వెళ్ళి ఆపింది.

"మీ అమ్మవారు నా కుంపట్లోకి కూడా వస్తుందా అమ్మగారూ? నన్నో మాట అడక్కుండానే?" అని సణుక్కుంటూ అచియెంగ్ బొగ్గులు మళ్ళీ సంచిలో పోసింది.

మధ్యాహ్నానికి ఊర్వికి మలేరియా చలి పట్టుకుంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నిన్నటి రొట్టె తిన్నది తిన్నట్టే కక్కేసింది. మాత్ర కూడా నిలవలేదు. జసుబా కాసేపు చూసి అగ్గిపెట్టె తీసింది.

"కాస్త వేడి జావ పడితే మాత్ర నిలుస్తుంది."

"వద్దు బా." ఊర్వి కడుపు పట్టుకుంది. "ఈ బిడ్డనైనా బతకనివ్వండి."

జసుబా అక్కడే చతికిలబడింది. "మీ ఆయనకంటే ముందు నాకో కొడుకు. భరత్. వాడికీ సప్తమినాడే, దేవ్‌కి పట్టినట్టే పట్టింది. నీళ్ళు కాచి పట్టమని మా అత్తే చెప్పింది. నేనే వినలేదు. పచ్చి నీళ్ళు పట్టాను. పొయ్యి చల్లగానే ఉంది. వాడు పోయాడు."

ఊర్వి గోడకు ఆనుకుని లేచి కూర్చుంది. "ఈ మాట నిరుడే చెబితే ఏం పోయేది? నా బిడ్డను నేనే చంపుకున్నాననుకుంటూ ఏడాది బతికాను."

"తెలుసు." జసుబా తల ఎత్తలేదు. "నీ తప్పు లేదని చెప్పాలంటే, నాదే తప్పని ఒప్పుకోవాలి కదే."

ఊర్వికి కోపం వచ్చింది, జాలీ వేసింది. దేనికీ ఓపిక లేదు. జసుబా చీర చెంగుతో పొయ్యిమీది బొట్టు తుడిచేసింది. రెండు పుల్లలు ఆరిపోయాయి. మూడోది అంటుకుంది. జావ కాచి, గ్లాసులో పోసి, కోడలి చేతికిచ్చింది.

ఊర్వి గ్లాసును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. తాగాలనే ఉంది. నోటిదాకా తెచ్చింది, మళ్ళీ దించింది. పట్టుకునుండగానే జావ చల్లారిపోయింది.