నల్లరాళ్ళ మీద రొయ్యలు

సింహాచలమ్మ ఇంట్లో రొయ్యంటే వంకాయతో కలిసి పొయ్యి మీద ఉడికేది. అలాంటి ఇంట్లోకి కోడలు ప్రియ ఒక గాజుపెట్టె తెచ్చింది. కుట్టుమిషను బల్ల మీద పెట్టి, అడుగున నల్లరాళ్ళు పరిచి, నీళ్ళు పోసి, వేలిగోరంత రొయ్యల్ని ఓ నలభై వదిలింది. పండుమిరప రంగులో ఉన్నాయి. కూరకి కాదట, చూసుకోడానికట! గోల్‌మురిలో వాళ్ళ క్వార్టర్ల లైనులోని ఆడవాళ్ళంతా వచ్చి చూసి, కడుపుబ్బ నవ్వుకుని వెళ్ళారు.

నవ్వితే నవ్వారు గానీ, ఆ పిల్ల వాటికి తిండి పెట్టే తీరు మాత్రం సింహాచలమ్మకి మింగుడుపడలేదు. ఒకరోజు ఉడికించిన పాలకూర, గోరంత ముక్క. ఒకరోజు కొట్టులో కొన్న మేత, ఓ చిటికెడు కూడా కాదు. రెండు గంటలు కాగానే మిగిలింది తీసి పారేయడం. శనివారం పూర్తిగా పస్తు. నీళ్ళలో ఎప్పుడూ నానుతూ ఉండే ఎండిన బాదం ఆకే ఆ రోజుకి దిక్కు.

"ఓలమ్మో, నలభై పేణాలకి ఇదేటే తిండి!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకునేది.

"జ్యాదా వేస్తే పానీ ఖరాబైపోద్దత్తా. అప్పుడు అవి తిండికి కాదు, నీళ్ళకి చస్తాయి" అనేది ఆ హిందీ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ప్రియ.

సింహాచలమ్మ మంచి మనిషే. ఎవరు ఆకలన్నా తన కంచంలోది తీసి పెట్టే రకం. కానీ ఎక్కడ బిడ్డ పుట్టిందని తెలిసినా ఆవిడ నోట్లోంచి మొదట వచ్చే మాట ఒకటే: "రంగేటి?" ఆడా మగా అన్నది ఆ తరవాతి సంగతి. ప్రియ నల్లపిల్ల. ఐదో నెల రాగానే ఆవిడ కుంకుమపువ్వు డబ్బా తెచ్చింది. రోజూ సాయంత్రం గ్లాసుడు పాలు కాచి, "తాగమ్మా, బిడ్డ తెల్లగా పుడతాది" అంటూ ఎదురుగా కూర్చుని ఆఖరి చుక్క దాకా తాగించింది. నాలుగు నెలలు ఆ పిల్ల కిమ్మనకుండా తాగింది.

తొమ్మిదో నెలలో పురిటికి ఊళ్ళోనే మాంగో పేటలో ఉన్న పుట్టింటికి బయల్దేరినప్పుడు, ఆటో ఎక్కబోతూ ఆగి అప్పుడంది.

"అత్తా, నా బిడ్డ నాలాగే పుడితే ఈ ఇంటికి తీసుకురాను. దాన్ని చూసి మీ మొహం మాడిపోతే నేను బర్దాస్త్ చెయ్యలేను."

కొడుకు గౌరీశంకర్ విన్నాడు. వినీ విననట్టు సంచీలు ఆటోలో సర్దాడు.

అన్నట్టు, సింహాచలమ్మదీ ప్రియ రంగే. ఇంకా ఓ పిసరు ఎక్కువే. పెళ్ళిచూపులకి వచ్చిన ముగ్గురు కాఫీలు తాగి వెళ్ళి మళ్ళీ కబురు పంపలేదు. ఆ అవమానం పుట్టబోయే బిడ్డకి రాకూడదనే ఆవిడ తాపత్రయం. ఆ సంగతి ఏనాడూ నోరు విప్పి చెప్పలేదు. పాలు మాత్రం కాచింది.

ప్రియ వెళ్ళిపోయాక రొయ్యలు ఆవిడ చేతిలో పడ్డాయి. ఏ రోజు ఏం వెయ్యాలో కాగితం మీద రాసి గోడకి అంటించే వెళ్ళింది పాపం. రెండు రోజులు ఆవిడ ఆ కాగితం చెప్పినట్టే చేసింది. మూడో రోజు ఒక రొయ్య కడుపు కింద గుడ్ల గుత్తి కనిపించింది. ఇంకేముంది, వట్టిమనిషి కాదది! మెతుకులు నలిపి వేసింది. ఉడికిన గుడ్డులో పచ్చసొన వేసింది. శనివారం తను ఉపవాసం ఉండి మరీ వాటికి పెట్టింది. వారం తిరిగేసరికి అవి కాస్త వెలిసినట్టు కనిపించాయి. నీరసమనుకుంది. రంగు తగ్గితే ఏం చెయ్యాలో ఆవిడకి తెలియదా! డబ్బాలో మిగిలిన కుంకుమపువ్వులో చిటికెడు తీసి నీళ్ళలో వేసింది.

తెల్లారి చూస్తే నీళ్ళు కుడితిలా ఉన్నాయి. రెండు రొయ్యలు వెల్లకిలా పడి ఉన్నాయి. మిగతావన్నీ పైకెక్కి గాజుని పట్టుకు వేలాడుతున్నాయి. గౌరీశంకర్ డ్యూటీలో ఉన్నాడు. ఆవిడ తెల్లటి ప్లాస్టిక్ టబ్బులో, ప్రియ చెప్పినట్టు ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు పోసి, గరిటతో ఒక్కొక్కదాన్నీ అందులోకి మార్చింది. మారిస్తే ఏమైంది? అరగంటలో ఉన్న ఆ కాస్త ఎరుపూ దిగిపోయింది. గుడ్లున్న తల్లిరొయ్య నీళ్ళలో ఉందో లేదో కూడా తెలియడం లేదు.

ఆవిడ టబ్బు పక్కన చతికిలబడి ఏడ్చింది. ఆ పిల్ల తనకని అప్పజెప్పింది ఇదొక్కటే. వీటినీ చంపేస్తే ఇంక ఏ మొహంతో బిడ్డని తీసుకురమ్మంటుంది? దాచేద్దామనే అనుకుంది ముందు. దాస్తే అవి బతకవు కదా అని వీడియో కాల్ చేసింది. మెతుకుల దగ్గర్నుంచి కుంకుమపువ్వు దాకా అంతా చెప్పేసింది.

ప్రియ అరుస్తుందనుకుంది. అరవలేదు.

"ముందు ఆ తెల్ల టబ్బులోంచి తియ్యండత్తా. రాళ్ళు కడిగి మళ్ళీ పెట్టెలో వెయ్యండి. తెల్లటి దాని మీద దాక్కోడానికి చోటుండదు. డర్ కే మారే రంగు వదిలేస్తాయి. మూడు రోజులు ఏమీ పెట్టొద్దు."

"మరి తిండికి రంగు రాదేటమ్మా?"

"పాలకూరకీ మేతకీ కొంచెం వస్తది. కానీ భయపడ్డదానికి ఏం పెట్టినా రాదు."

ఆ మాట అని ప్రియ ఫోను పెట్టేసింది. సింహాచలమ్మ లేచి రాళ్ళు కడిగి, రొయ్యల్ని మళ్ళీ పెట్టెలోకి మార్చింది.

తను పస్తుండటం ఆవిడకి చిన్నప్పట్నుంచీ అలవాటే. ఇంకొకళ్ళని పస్తుంచడం మాత్రం చేతకాదు. ఆ మూడు రోజులూ మెతుకులతో చెయ్యి ముందుకొచ్చినప్పుడల్లా వెనక్కి లాక్కుని, గాజుపెట్టె ముందు పీట వేసుకుని ఊరికే కూర్చుంది. నాలుగో రోజు గోరంత పాలకూర వేసి, గడియారం చూసి, మిగిలింది తీసేసింది. ఓ పది రోజులకి నల్లరాళ్ళ సందులోంచి తల్లిరొయ్య బయటికొచ్చింది. పండుమిరపలా ఉంది. గుడ్లు కడుపు కిందే ఉన్నాయి.

"ఓరి నాయనో, ఆ పిల్లని నాలుగు నెల్లు తెల్ల టబ్బులో కూకోబెట్టేనురా" అంది సింహాచలమ్మ, అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన కొడుకుతో. వాడికి అర్థం కాలేదు. డబ్బా అడుగున ఉన్న కుంకుమపువ్వంతా ఆ శనివారం అప్పన్నస్వామికి వండిన ప్రసాదంలో కలిపేసింది.

తరవాతి మంగళవారం పొద్దున్నే మాంగో నుంచి ఫోనొచ్చింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. గౌరీశంకర్ ఫోను తల్లి చేతికిచ్చి, ఆ పాత ప్రశ్న ఎక్కడ అడుగుతుందోనని ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ అడిగేలోపే ప్రియ చెప్పేసింది.

"నాలాగే ఉందత్తా."

"నీలాగేటే? నాలాగ! ఇంటిలో ముందు నల్లదాన్ని నాను కాదేటి?" అంది సింహాచలమ్మ. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. "అది సర్లే గానీ, నువ్వు ఏటైనా తిన్నావా?"

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "తల్లిరొయ్య ఎలాగుంది?" అని అడిగింది ప్రియ.

"నిన్ననే పిల్లల్నెట్టింది. నువ్వుగింజలంతేసి ఉన్నాయి, రాళ్ళంతా అయ్యే. ఒట్టు, నానేటీ పెట్టలేదు. నువ్వొచ్చి పెడుదువుగాని."

"బిడ్డకి ఐదో నెల వచ్చేదాకా ఉండమంటోంది మా అమ్మ" అంది ప్రియ. "మూడో నెలకే వచ్చేస్తామత్తా, ఇద్దరం."