పెండ్లికార్డులో పై వరుస

ప్రెస్సు భానుచందర్ తన కంప్యూటర్ మొత్తం ఎవరికీ చూపించడు.

"కార్డు విండో ఒక్కటే పంపుత అక్కా," అన్నాడు ఫోన్లో. "మీకూ కాజీపేట సార్‌కూ అదొక్కటే కనబడ్తది. పేర్లు మీరే పట్టుకొని జరుపుకోండ్రి. నేను పక్క విండోల ఫ్లెక్సీ పని చూసుకుంట. పన్నెండు లోపల ఫైనల్ అనుండ్రి, ప్రింటుకు పెడ్త."

పన్నెండు దాటితే వర్జ్యం. ఆ సంగతి ముహూర్తం పెట్టిన అయ్యగారు చెప్పలేదు, కాజీపేట బావగారు చెప్పారు. అంటే అయ్యగారు చెప్పినదానికన్నా గట్టిది.

సుకన్య హనుమకొండలో తన వంటింటి బల్ల మీద కూతురు హారిక ల్యాప్‌టాప్ తెరిచి, కొత్తిమీర కట్టను పక్కకు నెట్టింది. స్టేషన్ రోడ్డు ప్రెస్సులో ఉన్న కార్డు తన ముందు ప్రత్యక్షమైంది. దాని మీద రెండు బాణాలు తిరుగుతున్నాయి. నీలం బాణం తనది. ఎర్ర బాణం కాజీపేట నుంచి పనిచేస్తున్న సదానందం బావగారిది. ఆయన సుకన్య భర్త రాజమౌళికి అన్న, రైల్వేలో గార్డుగా రిటైరైన మనిషి. ఆయన పచ్చజెండా ఊపకుండా ఆ ఇంట్లో ఇప్పటికీ పెరుగు తోడుకోదు.

సుకన్యకు కార్డు మీద కావలసింది ఒకటే. ఆహ్వానించేవారి మొదటి వరుసలో తన అక్క వినోద పేరు ఉండాలి. రాజమౌళి ఖమ్మంలో, తర్వాత ఆదిలాబాద్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ పెండ్లికూతురు హారికను తన ఇంట్లోనే ఉంచుకొని జడలు వేసింది, జ్వరమొస్తే దవాఖానకు ఎత్తుకుపోయింది, పదో తరగతి దాకా చదివించింది వినోదే. కానీ వినోద భర్త పోయి చాలాకాలమైంది. భర్త లేని ఆడమనిషి పేరు శుభకార్డు మీద ముందుండొద్దని సదానందం పట్టు.

నీలం బాణం వినోద పేరును మెల్లగా మోసుకొచ్చి మొదటి వరుసలో, బావగారి జంట పేరు 'రాజేశ్వరి – సదానందం' పక్కన దించింది.

అంతే. ఎర్ర బాణం ఉరికొచ్చింది, పేరును పట్టుకొని కార్డు అడుగున, బ్యాండు మేళం వాళ్ళ ఫోన్ నంబరు దగ్గర పడేసింది.

"సుకన్యా," ముగ్గురినీ కలిపిన ఫోన్ స్పీకర్లో సదానందం గొంతు మోగింది. "ఆమె పేరు కింద బంధుమిత్రులల్ల ఉంటది. అక్కడ జాగ మస్తుగుంది."

"అది బ్యాండోళ్ళ జాగ, బావా."

"జర పైకి జరిపితే బంధుమిత్రులే."

నీలం బాణం మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంది. ఎర్ర బాణం మళ్ళీ తీసుకుపోయింది. వినోద పేరు పాపం కార్డు మీద కాజీపేట ప్యాసింజర్ లాగా పైకీ కిందికీ తిరిగింది. ఒకసారి రెండు బాణాలూ కలిసి పట్టుకుంటే పేరు వినాయకుడి తొండం మీద ఆగింది.

"ఏమండీ, మీ అన్నకు జర చెప్పుండ్రి," అంది సుకన్య.

బల్లకు అవతల కూర్చున్న రాజమౌళి పేపరు ఇంకొంచెం పైకెత్తాడు. "నన్నెందుకు నడుమ గుంజుతవ్? నా పేరు ఏడున్నా నాకు ఫికర్ లేదు."

"మీ పేరు కదిలిస్తలేరు గనుక ఫికర్ లేదు."

ఈసారి సుకన్య పేరును మొదటి వరుసలో పెట్టి వేలు తియ్యకుండా పట్టుకుంది. ఎర్ర బాణం దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"సరే. ఆమె ఆడనే ఉండనీ. ఆ వరుసల నేనుండ," అన్నాడు సదానందం. "ఇంటికి పెద్దోణ్ణి. నా జాగ పైన."

ఎర్ర బాణం వెనక్కి తగ్గి, భార్య పేరును అక్కడే వదిలేసి, తన పేరొక్కటే పట్టుకుంది. వరుసలు దాటుకుంటూ, ముహూర్తం దాటుకుంటూ, వధూవరుల పేర్లు కూడా దాటుకుంటూ కార్డు నెత్తిమీదికి ఎక్కింది. అక్కడ తన తల్లిదండ్రుల పేర్ల పక్కన కొంచెం ఖాళీ ఉంది. అందులో ఒద్దికగా కూర్చుంది.

"భానుచందర్! ఫైనల్. పోనియ్!"

ఫ్లెక్సీ పనిలో మునిగిన భానుచందర్ ఇటు చూడనేలేదు. "ఓకే సార్. అక్కా, మీరు గూడ ఓకేనా?"

సుకన్య దేన్నీ చదవకుండా ఓకే అనదు, పాల ప్యాకెట్ మీద తేదీని కూడా. పైనుంచి చదవడం మొదలుపెట్టి, పై వరుసలోనే ఆగిపోయింది. ఒక్క క్షణం, పోనిద్దామా అనుకుంది కూడా. వెయ్యి కార్డులు. ఊరూరా పంచేదీ ఆయనే.

"ఆగు భానూ," అంది. "బావా, పై వరుస ఒక్కసారి గట్టిగ చదువుండ్రి. పెద్దల పేర్లల్ల తప్పు పోవద్దు."

సదానందం గొంతు సవరించుకొని, ప్లాట్‌ఫారం మీద రైలు వస్తున్నదని చెప్పినట్టు చదివాడు. "కీర్తిశేషులు మొగిలమ్మ, ఉప్పలయ్య, సదానందం గార్ల దివ్య ఆశీస్సులతో..."

నవ్వు ఆపుకుంటున్న రాజమౌళి చేతిలో పేపరు వణకసాగింది.

ముందుగా తేరుకున్నది కాజీపేటలో రాజేశ్వరి. "అయ్యో, ఎప్పుడు పోయినవయ్యా? పొద్దుగాల ఇడ్లీలు ఆరు తింటివి గదా!"

"నువ్వూకో."

"ఎందుకు ఊకుంట? నువ్వు పైకి పోయినంక నేను కింద ఒక్కదాన్నే మిగిలిన, చూడు. మరి నీ లెక్క ప్రకారం నా పేరు గూడ బ్యాండోళ్ళ దగ్గరికి పోవాల్నా? పెండ్లికి నేను రావాల్నా, వద్దా? అది చెప్పు!"

సదానందం ఆ లెక్క ఇన్నాళ్ళూ ఎదుటివాళ్ళ ఇంటికే వేశాడు గానీ తన ఇంటికి ఎన్నడూ వేసి చూసుకోలేదు.

"బావా," అంది సుకన్య, గొంతులో నవ్వు తెలియకుండా. "పైన ఉంటానంటే ఉండుండ్రి, మీ ఇష్టం. కిందికి వస్తానంటే మాత్రం మీ జాగ మా వినోదక్క పక్కన ఖాళీగనే ఉంది."

ఎర్ర బాణం తన పేరును పట్టుకొని, వధూవరులను దాటి, ముహూర్తాన్ని దాటి, వచ్చిన దారినే దిగింది. రాజేశ్వరి పక్కన, వినోదకు ఇవతల కూర్చుంది.

"హారికను సాకిన మనిషి," అన్నాడు సదానందం, ఆ మాట తానే కొత్తగా కనిపెట్టినట్టు. "ఉండాలె మరి ముందట. ఇగ పోనియ్, భానుచందర్."

"పన్నెండుకు ఐదే నిమిషాలున్నయి. అక్కా, ఓకేనా?"

సుకన్య కళ్ళద్దాలు తుడుచుకొని చూసింది. బావగారి పేరు వినోద పేరుకన్నా ఒక వెంట్రుకవాసి పైన ఉంది. ఇంకెవరైనా అయితే చూడకపోదురు.

నీలం బాణం వెళ్ళి ఆ పేరును మెల్లగా కిందికి నొక్కి, వరుసను సమం చేసింది.

"ఇప్పుడు ఓకే," అంది సుకన్య. కొత్తిమీర కట్ట దగ్గరికి లాక్కుంది.