వద్దు అనే బటన్

పద్మారాణి చపాతీ పిండి కలుపుతుండగా మేనేజర్ హితేశ్‌భాయ్ ఫోన్ చేశాడు. కరోనా వచ్చినప్పటి నుంచి డిండోలి బస్తీలోని ఈ ఒక్క గదే ఆమెకు వంటిల్లూ ఆఫీసూ. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ చేసే యాప్‌లకు తెలుగులో, హిందీలో మాటలు రాయడం ఆమె ఉద్యోగం. ఈసారి యాప్ ఇళ్లలో కూర్చుని చీరలకు రాళ్లు అతికించే ఆడవాళ్ల కోసం. ఎన్ని చీరలు పూర్తయ్యాయో వాళ్లు అందులో చెప్పాలి. కానీ వాళ్లెక్కడికి వెళ్లారో, ఫోన్‌లో ఎవరెవరి నంబర్లున్నాయో కూడా అది చెప్పకుండానే పనిచ్చే సేఠ్‌కు చేరవేస్తుంది. ఆ సంగతంతా పద్మారాణి విడమరిచి రాసి, కింద 'సరే', 'వద్దు' అని రెండు బటన్లు పెట్టమంది.

"'వద్దు' తీసెయ్ బెహన్," అన్నాడు హితేశ్‌భాయ్ హిందీలో. "'పని కోసం అనుమతి' అని రాస్తే చాలు. వాళ్లేమన్నా చదువుతారా?"

వాళ్లలో ఒకరు ఆ గదిలోనే ఉన్నారు. అత్త కనకవ్వ గోడకు ఆనుకుని చీరకు రాళ్లు అతికిస్తోంది. 'నీకేం తెల్వది, ఊకో' అని ఏడేళ్లుగా పద్మారాణి నోరు మూయించింది ఎక్కువగా ఈ అత్తే. ఆ మాటకు తనెంత బాధపడిందో పద్మారాణికే తెలుసు. అయినా, ఏమీ తెలియనివ్వకుండా అత్త వేలితో 'సరే' నొక్కించడానికి మనసొప్పలేదు. ఫోన్ పెట్టేసి, చేతులు కడుక్కుని, దాచమన్నదంతా అత్తకు చదివి వినిపించింది.

కనకవ్వ గమ్ ట్యూబ్ కింద పెట్టింది. "నేను దవాఖానకు వోతే గూడ సేఠ్‌కు ఎరుకైతదా? నా చెల్లె నంబర్ వానికెందుకే?"

"వద్దనే బటన్ తీసెయ్యమంటున్నరు అత్తమ్మా."

"తియ్యకు."

పద్మారాణి అత్తకు చదివిన మాటలనే ఫోన్‌లో రికార్డు చేసి, గల్లీ ఆడవాళ్ల గ్రూపులో పెట్టింది. సాయంత్రానికల్లా నలభై మంది ఆ యాప్ తమకొద్దన్నారు.

హితేశ్‌భాయ్ మళ్లీ ఫోన్ చేశాడు. "ఆ మెసేజ్ తీసెయ్. లేకపోతే రేపటి నుంచి నీకు పని లేదు."

"తీయను భాయ్," అని ఫోన్ పెట్టేసింది.

మిల్లు నుంచి వచ్చిన భర్త వినోద్ సంగతి విని మండిపడ్డాడు. "నౌకరీ పోగొట్టుకున్నవ్! గంత పొగరేంది నీకు? ఏం మాట్లాడినవో సూడనీ." ఎప్పటిలాగే ఆమె ఫోన్ అందుకుని లాక్ తీసే నాలుగంకెలు నొక్కబోయాడు. పెళ్లయిన వారం నుంచీ అవి అతనికి తెలుసు.

పద్మారాణి అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ముందు నన్నడుగు."